చుక్కాని ముందు మనిషి

అతని మోకాళ్లు బిగుసుకుని లేవు. ఒక పాత గడియారం మీద నిలబడ్డ, నా అరచేయి అంత పొడవుండే కంచు మనిషి. తలమీద టోపీ, ఒంటిమీద నావికులు వేసుకునే వదులు చొక్కా, రెండు చేతులూ చుక్కాని చక్రం ఊచల మీద. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి నిలబడ్డాడు. వేలంపాటకు ముందు వస్తువులు చూడనిచ్చే రోజున గాజు బీరువా ముందు వంగి ఆ మోకాళ్లు చూశాను. కొనాలని అప్పుడే అనుకున్నాను. డయలు ఆ తర్వాత చూశాను, ధర ఆ తర్వాత అడిగాను.

ఏడాదిన్నరగా ఆ గడియారం మా ఇంట్లో నడుస్తోంది. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్‌కు దగ్గర్లో ఉంటాం. ఇలాంటి గడియారాల గురించి తెలుగులో రాసినవాళ్లు నాకు కనబడలేదు. కొనాలనుకునేవాళ్లకూ, కొనకపోయినా ఎక్కడైనా చూస్తే ఆగి చూడాలనుకునేవాళ్లకూ పనికొస్తుందని, నాకు అనుభవమైనదంతా చెబుతాను.

పంతొమ్మిదో శతాబ్దం చివర ఫ్రాన్సులో తయారైన బల్లమీది గడియారం ఇది. పాత తెరచాప ఓడల్లో వెనకవైపు ఎత్తుగా ఉండే డెక్కును, అంటే చుక్కాని పట్టే మనిషి నిలబడే చోటును, ఓడనుంచి కోసి తెచ్చి బల్లమీద పెట్టినట్టు ఉంటుంది. ఆ డెక్కు కింద గోడలో డయలు. పైన కమ్మీలు, చుట్టి పెట్టిన తాళ్లు, చక్రం, చక్రం వెనక మనిషి. అడుగున నల్లరాతి దిమ్మ. మనిషి ఒంటిమీద గోధుమరంగు తేరిన కంచు, ఓడ భాగాలకు వెండిపూత, అక్కడక్కడ బంగారుపూత. ఎత్తు మూరకు కొంచెం తక్కువ. బరువు మాత్రం చూపుకు అందదు. మొదటిసారి ఎత్తినప్పుడు నా మణికట్టు కలుక్కుమంది.

గడియారం నడుస్తున్నంతసేపూ ఆ మనిషి అటూ ఇటూ ఒరుగుతుంటాడు. కెరటం ఎడమవైపు ఎత్తితే కుడివైపుకు, కుడివైపు ఎత్తితే ఎడమవైపుకు. దీన్ని వేరుగా నడిపే బొమ్మ యంత్రం ఏదీ లేదు. అతనే లోలకం.

నేను ముప్పై ఏళ్లు పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పాను, అందుకని ఈ సంగతి దగ్గర కాసేపు ఆగుతాను. మామూలు లోలకానికి బరువంతా కిందే ఉంటుంది. దాని వేగాన్ని పొడవు నిర్ణయిస్తుంది. అటునుంచి ఇటు ఒక ఊపుకు ఒక సెకను పట్టాలంటే దాదాపు 99 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఇంత చిన్న గడియారంలో అంత పొడవుకు చోటెక్కడిది? 20 సెంటీమీటర్ల లోలకం పెడితే నిమిషానికి 130 దాటి ఊపులు వస్తాయి. ఆ వేగంతో ఊగితే కెరటం మీద నిలబడ్డ మనిషిలా ఉండడు, చలిజ్వరం వచ్చినవాడిలా ఉంటాడు. అందుకని తిరుగుబిందువు మధ్యలో పెట్టి, కింద ఒక బరువు, పైన మనిషి ఉండేలా చేశారు. కింది బరువు లోలకాన్ని నిలువుకు లాగుతుంటే పైనున్న మనిషి బరువు పడదోయాలని చూస్తుంది. రెండూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకోగా మిగిలిన కొద్దిపాటి లాగుడుతో లోలకం తాపీగా ఊగుతుంది. సంగీతం నేర్చుకునే పిల్లలకు తాళం వేసి చూపించే మెట్రోనోమ్‌లో ఉన్నది ఇదే సూత్రం. అందులో పుల్లమీద బరువును పైకి జరిపితే తాళం నెమ్మదిస్తుంది. ఇక్కడ ఆ బరువే మనిషి. ఓడమీద మనిషి ఎంత నిదానంగా ఊగుతాడో తెలిసినవాడు చేసిన లెక్క ఇది.

ఆ లెక్క చేసినవాడిగా ఆంద్రే రొమేన్ గిల్మే పేరు చెబుతారు. పారిస్‌లో పనిచేసిన గడియారాల తయారీదారు, కొత్త యంత్రాలు కనిపెట్టినవాడు. సైకిళ్ల చరిత్ర చదివేవాళ్లకు కూడా ఈ పేరు తగులుతుంది. గడియారాల్లో ఆయనకు మొదట పేరు తెచ్చింది మరొకటి. అందులో ఒక స్త్రీ విగ్రహం చేతిలో లోలకం వేలాడుతూ ఊగుతుంటుంది. దానికీ కింది యంత్రానికీ ఏ సంబంధమూ కంటికి కనబడదు. ఆ తర్వాత పారిశ్రామిక గడియారాలని సేకర్తలు పిలిచే వరుస వచ్చింది. ఆవిరి సుత్తి, రైలింజను, గాలిమర, దీపస్తంభం, యుద్ధనౌకమీది ఫిరంగి బురుజు, అన్నీ గడియారాలే. దీపస్తంభంలో పైభాగం తిరుగుతుంది. ఆవిరి సుత్తి లేచి పడుతుంది. కొన్నింటిలో గడియారం పక్కన వాతావరణ పీడనం చూపే మీటరు, ఉష్ణమాపకం కూడా ఉంటాయి. పారిస్‌లో ప్రపంచ ప్రదర్శనలు జరిగి, ఐఫిల్ టవరు లేచిన కాలమది. యంత్రాలను చూసి జనం కళ్లింత చేసుకున్న రోజుల్లో ఇంటి బల్లమీద కూడా ఒక యంత్రం ఉండాలనుకున్నారు.

ఈ వరుసలో కొన్నింటిని వేలంశాలల్లోనూ పాత వస్తువుల సంతల్లోనూ దగ్గరగా చూశాను. ఫిరంగి బురుజు గడియారం పనితనంలో దీనికేమీ తీసిపోదు. కవచానికి కొట్టిన మేకుల తలలు కూడా లెక్కపెట్టవచ్చు. అయినా దాన్ని నా గదిలో పెట్టుకోలేను. రైలింజను ముచ్చటగా ఉంటుంది, దీపస్తంభం అందంగా ఉంటుంది. వాటన్నింటిలో కదిలేది యంత్రభాగం. దీంట్లో కదిలేది మనిషి ఒళ్లు. నేను చూసినంతలో ఈ వరుసలో పనిచేసే మనిషికి ఇంత చోటిచ్చినది ఇదొక్కటే.

ఇంకో విషయం కూడా నా మనసులో ఉంది. ఈ గడియారాలు తయారయ్యేనాటికే పెద్ద ఓడల్లో చుక్కాని బరువు మనుషుల చేతుల్లోంచి జారిపోతోంది. 1860ల చివర గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడలో ఆవిరితో చుక్కాని తిప్పే యంత్రం పెట్టారు. అంతకు ముందు ఎలా ఉండేదో తెలియాలంటే పోర్ట్స్‌మత్ రేవులో ఉన్న విక్టరీ అనే పాత యుద్ధనౌక ఎక్కి చూడాలి. దాని చుక్కానికి జంట చక్రాలు. మామూలు రోజున నలుగురు పట్టాలి, తుఫానులో ఎనిమిది మంది పట్టాలి. మా మనుమడిని తీసుకెళ్లినప్పుడు వాడు ఆ చక్రం ముందు నిలబడి రెండు చేతులూ చాచాడు. ఒక అంచునుంచి రెండో అంచుకు అందలేదు.

ఇక కొనుగోలు సంగతి. గత ఏడాది మార్చిలో ఒక చిన్న ఊరి వేలంశాలలో కొన్నాను. పేరు చెప్పను. పాట 3,300 పౌండ్ల దగ్గర ఆగింది. దానిమీద నాలుగోవంతు కమిషను, అంటే 825. ఆ కమిషనుమీద పన్ను మరో 165. మొత్తం 4,290 పౌండ్లు. వేలంలో మొదటిసారి కొనేవాళ్లు పాట ధరనే ధర అనుకుంటారు. చెయ్యి ఎత్తేముందే కాగితంమీద ఈ లెక్క వేసుకుని, ఎక్కడ ఆగాలో రాసుకుని వెళ్లాలి. నేను 3,500 దగ్గర ఆగాలని రాసుకున్నాను.

జాబితాలో "నడుస్తున్న స్థితిలో ఉంది" అని అచ్చేశారు. చూసిన రోజున ఆగి ఉంది. అడిగితే, తీసుకొచ్చేటప్పుడు కదిలిందనీ సమంగా నిలబెడితే నడుస్తుందనీ చెప్పారు. నమ్మాను. ఊగే గడియారాన్ని ఊగుతుండగా చూడకుండా కొనడం తప్పని నాకు తెలుసు, అయినా కొన్నాను. వాళ్లు కుదిర్చిన రవాణా మనిషి దాన్ని పెట్టెలో దూది కుక్కి తెచ్చాడు. లోలకాన్ని విడదీయలేదు, కదలకుండా కట్టనూ లేదు. దారిపొడవునా ఆ కంచు మనిషి తన బరువంతటితో అటూ ఇటూ కొట్టుకుంటూ వచ్చాడు. ఇంటికొచ్చాక సమంగా నిలబెట్టి, తాళంచెవితో స్ప్రింగు చుట్టి, వేలితో మెల్లగా ఊపాను. పదిసార్లు ఊగి ఆగిపోయాడు. మళ్లీ ఊపాను, మళ్లీ ఆగాడు. ఆగినప్పుడల్లా ఎడమవైపుకే ఒరిగి ఆగుతున్నాడు.

భూతద్దం పెట్టి చూస్తే ఎడమ పాదం దగ్గర బూడిదరంగు మరక కనబడింది. అది మరక కాదు, సీసం అతుకు. ఎప్పుడో ఎవరో మనిషి కాలు విరిగితే సీసంతో అతికించి, పైన గోధుమరంగు పూశారు. అతుకు లావుగా ఉండటంతో ఆ వైపు బరువెక్కి, కాలు అడుగు పలకకు రాసుకుంటోంది. జాబితాలో ఈ ముక్క లేదు. ఉత్తరం రాశాను. వస్తువును చూసుకునే అవకాశం ఇచ్చామనీ, అమ్మినవి వెనక్కి తీసుకోమనీ నియమాల కాగితం జతచేసి జవాబిచ్చారు. నియమం ప్రకారం అది సరే. కానీ "నడుస్తున్న స్థితి" అని అచ్చువేసిన చేతితోనే "కాలు అతికినది" అని కూడా వేయవచ్చు. 4,290 పౌండ్లు ఇచ్చే మనిషికి ఆ రెండు ముక్కలు బాకీ ఉన్నారనే ఇప్పటికీ అంటాను.

బాగుచేసినాయన గురించి ఎంత చెప్పినా తక్కువే. మా ఊరికి గంట ప్రయాణంలో, ఇంటి వెనక షెడ్డులో పనిచేసే డెబ్బై దాటిన మనిషి. నేను వెళ్లేసరికి షెడ్డులో ఏడెనిమిది గడియారాలు ఎవరి చప్పుడు వారిదిగా నడుస్తున్నాయి. ఆయన నా గడియారాన్ని బల్లమీద పెట్టి, ఏ పనిముట్టూ ముట్టకుండా పావుగంట చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక నాణెం తీసి దిమ్మ కుడిమూల కింద పెట్టి మనిషిని ఊపారు. ఇరవైసార్లు ఊగాడు. ఇంకో నాణెం పెట్టారు. నలభై. "యంత్రంలో జబ్బు లేదు. ఇతను కుంటుతున్నాడు" అన్నారు.

ఆరు వారాలు పట్టింది. సీసం తీసి, వెండి టంకంతో సన్నగా అతికారు. యంత్రం విప్పి, కడిగి, ఎండిపోయిన నూనె తీసి కొత్త నూనె వేశారు. ఒక ఇరుసు రంధ్రం అరిగి కోలగా మారితే కొత్త బుష్ వేశారు. పాత వెండిపూత మోకాలి దగ్గరా కమ్మీల అంచుల దగ్గరా పోయింది. దాన్ని అలాగే ఉంచమన్నాను. కొత్తగా పూత వేయిస్తే నిగనిగలాడుతుంది గానీ, నూటపాతికేళ్లుగా దుమ్ము తుడిచిన చేతుల గుర్తులు పోతాయి. బిల్లు 640 పౌండ్లు.

దాన్ని ఇంటికి తెచ్చిన రోజు రాత్రి విశాఖపట్నంలో తమ్ముడికి ఫోను చేసి కెమెరాలో చూపించాను. పక్కన అమ్మ ఉంది. ఆమెకు చూపు తగ్గింది. ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ నాన్న బస్సు కోసం కూడా ఇలాగే నిలబడేవారు" అంది.

మా నాన్న విశాఖ రేవులో టగ్గుమీద, అంటే పెద్ద ఓడలను లాగే చిన్న ఓడమీద, చుక్కాని పట్టేవారు. ఆ ఉద్యోగాన్ని రేవులో సుకాని అనేవారు. ఓడల హాజరు పట్టీల్లో ఇంగ్లిషువాళ్లు దాన్నే సీకన్నీ అని రాసుకున్నారు. అరబ్బీలో సుక్కాన్ అంటే చుక్కాని. దాన్ని పట్టేవాడు ఫారసీలో సుక్కానీ. మన చుక్కాని కూడా ఆ నీళ్లమీద వచ్చిన మాటే. ఒకే మాట మన ఊళ్లో పనిముట్టుకు పేరైంది, ఓడమీద మనిషికి పేరైంది. ఈ గడియారంలో పనిముట్టునూ మనిషినీ ఒకే ఇరుసుమీద పెట్టిన ఫ్రెంచివాడికి ఈ సంగతి తెలిసి ఉండదు.

ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి నాన్న నన్ను టగ్గు ఎక్కించారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి కాలువ దాటి బయటి సముద్రంలోకి వెళ్లగానే పడవ లేచి పడటం మొదలైంది. నేను కమ్మీ పట్టుకుని ఒళ్లంతా బిగబట్టాను. "మోకాళ్లు వదులు చెయ్యమ్మా. కాళ్లు ఎడంగా పెట్టు. నువ్వు ఆపాలని చూడకు" అన్నారు. ఆయన కాళ్లు ఎలా ఉన్నాయో చూసి అలాగే పెట్టాను. మెడనుంచి పైభాగం నిటారుగా ఉండేది, నడుము నుంచి కింద ఒళ్లు పడవతో పాటు కదిలేది. ఉద్యోగం మానేశాక కూడా పెళ్లి పందిట్లో అక్షింతలు పట్టుకుని నిలబడ్డా, రేషను దుకాణం వరుసలో నిలబడ్డా, కొంచెం కొంచెం ఒరుగుతూనే ఉండేవారు. వేలంశాల బీరువాలో వంగిన ఆ మోకాళ్లు చూసి నేనెందుకు ఆగిపోయానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. ఆ బొమ్మ పోతపోసిన శిల్పి ఎవరో గానీ, ఓడమీద నిలబడ్డ మనిషిని కళ్లారా చూసినవాడు. కూర్చున్న చోటునుంచి ఊహించి చేసినవాడైతే కాళ్లు కర్రల్లా నిలబెట్టేవాడు.

సమయం ఎలా చూపిస్తుందని అడుగుతారు. వారానికి మూడు నాలుగు నిమిషాల తేడా వస్తుంది. స్ప్రింగు కొత్తగా చుట్టిన రోజుకూ వదులైన ఏడో రోజుకూ నడకలో తేడా ఉంటుంది. కారణం పైన చెప్పిన సూత్రంలోనే ఉంది. నిదానంగా ఊగటం కోసం నిలువుకు లాగే బలాన్ని తగ్గించారు కదా. ఆ బలం తగ్గినకొద్దీ నూనె చిక్కబడినా, దుమ్ము పడినా, స్ప్రింగు ఒత్తిడి మారినా లోలకం వాటి మాట ఎక్కువగా వింటుంది. వేడి సంగతి వేరే ఉంది. ఇత్తడి దండం మీద పది డిగ్రీల వేడి పెరిగితే రోజుకు ఎనిమిది సెకన్లు వెనకబడుతుంది. చలికాలం హీటరు వేసే గదిలో అది కూడా తోడవుతుంది. నేను ప్రతి ఆదివారం ఉదయం చుట్టి, ఫోను చూసి ముల్లు సరిచేస్తాను. రైలు అందుకోవడానికి చూసే గడియారం కాదు ఇది.

ఓడ రూపంలో ఉన్న ఈ గడియారం ఓడమీద పనిచేయదు. లోలకం నిలకడైన నేలమీదే సరిగా ఊగుతుంది. డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ 1656లో లోలకపు గడియారాన్ని రూపొందించాక 1660లలో సముద్రంమీద కూడా పరీక్షించారు. కెరటాలు దాన్ని నిలవనీయలేదు. సముద్రంమీద రేఖాంశం లెక్కకట్టడానికి సరైన సమయం కావాలి, ఆ సమయం చూపే గడియారం లేక ఓడలు మునిగాయి. బ్రిటిష్ పార్లమెంటు 1714లో 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. జాన్ హారిసన్ అనే ఇంగ్లిషు గడియారాల తయారీదారు జీవితమంతా దానిమీద పెట్టి, చివరికి లోలకమే లేని, చేతిలో పట్టే పెద్ద జేబు గడియారం లాంటిది 1759లో పూర్తిచేశాడు. అది 1761లో జమైకాకు బయల్దేరిన ఓడలో వెళ్లి, 81 రోజుల్లో 5 సెకన్లు మాత్రమే తప్పింది. గ్రీనిచ్‌లో దాన్ని చూడవచ్చు. దాని ముందు నిలబడితే నాకు గౌరవం కలుగుతుంది. మా ఇంట్లో ఊగే మనిషి ముందు నిలబడితే కలిగేది గౌరవం కాదు. నాన్న గదిలోకి వచ్చారనిపిస్తుంది.

గంట విషయానికి వస్తే, ప్రతి గంటకూ అంకె ప్రకారం, అరగంటకు ఒకటి కొడుతుంది. రోజుకు 180 దెబ్బలు. లోపల చిన్న కంచు గంట, గొంతు సన్నం. పక్కగదికి వినిపిస్తుంది గానీ నిద్ర లేపదు. ఎన్ని దెబ్బలు కొట్టాలో చెప్పేది వెనకవైపున్న గాడుల చక్రం. ఆ చక్రానికి ముళ్లు ఎక్కడున్నాయో తెలియదు, తన వరుస తనదే. గడియారం ఆగినప్పుడు ముల్లు చేత్తో గబగబా తిప్పితే మూడు గంటలకు ఏడు కొడుతుంది. అప్పుడు కంగారుపడి ఎవరికో చూపించనక్కరలేదు. ప్రతి అరగంట దగ్గరా ఆగి, కొట్టనిచ్చి, తర్వాత ముల్లును ముందుకు జరపాలి. వెనక్కి ఎప్పుడూ తిప్పకూడదు.

ఒక చిన్న నిరాశ ఉంది. ఓడమీద గంటలు ఇలా మోగవు. నాలుగు గంటల కాపలాలో అరగంటకు ఒకటి చొప్పున పెరుగుతూ ఎనిమిది దగ్గర కాపలా మారుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు ఓడలో ఎనిమిది దెబ్బలు. నా గడియారం మాత్రం పన్నెండు కొడుతుంది. ఇంత శ్రద్ధగా ఓడ డెక్కు చేసినవాడు ఓడ గంటలు కూడా పెట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. ఆ గంటలే కావాలనుకునేవాళ్లకు అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన చెల్సీ కంపెనీ చేసిన ఓడ గంటల గడియారాలు ఉన్నాయి. గుండ్రటి ఇత్తడి పెట్టె, దిట్టమైన పని. ఊగే మనిషి మాత్రం ఉండడు.

ఓడ గడియారాల్లో అన్నిటికన్నా పెద్ద ముచ్చట చూడాలంటే బ్రిటిష్ మ్యూజియంలో గడియారాల గదికి వెళ్లండి, టిక్కెట్టు లేదు. జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌కు చెందిన హాన్స్ ష్లాట్‌హైమ్ 1585 ప్రాంతంలో చేసిన బంగారుపూత ఓడ అక్కడ ఉంది. మనిషి నడుము దాటే ఎత్తు. విందు బల్లమీద చక్రాలపై దానంతటదే ముందుకు నడిచేది. సంగీతం వాయించేది. చక్రవర్తి బొమ్మ ముందునుంచి సామంతుల బొమ్మలు వరుసగా సాగిపోయేవి. తెరచాప కొయ్యల మీది గూళ్లలో నావికులు గంటలు కొట్టేవారు. చివర్లో ఫిరంగులు పేలేవి. డయలేమో పెద్ద కొయ్య మొదట్లో వెతికితే తప్ప కనబడదు. ఇప్పుడది గాజు పెట్టెలో కదలకుండా నిలబడి ఉంది. నేను మూడుసార్లు వెళ్లాను. పనితనానికి ప్రతిసారీ నోరు తెరిచాను, కానీ ఆ ఓడంతటిలో పనిచేస్తూ అలిసిపోయిన ముఖం ఒక్కటీ కనబడలేదు. అది రాజుల విందుకు చేసిన ఓడ.

హైదరాబాదులో పెరిగినవాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం గుర్తుకు రావాలి. కుక్ అండ్ కెల్వీ అనే కంపెనీది, గంటకు మూడు నిమిషాల ముందు గడ్డపు మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టేది. బెంచీలమీద కిక్కిరిసి, పన్నెండు గంటలకైతే ఎక్కువసేపు చూడవచ్చని ముందే వచ్చి కూర్చునే జనంలో నేనూ కూర్చున్నాను. అక్కడ ఆ గడ్డపు మనిషి పని చూడాలంటే గంట అయ్యేదాకా వేచి ఉండాలి. మా సుకాని అలా కాదు, పగలూ రాత్రీ డ్యూటీలోనే ఉంటాడు.

కొనాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ముందు ఊగించి చూడండి. నిలబెట్టాక కనీసం పావుగంట ఊగాలి, రెండువైపులా సమంగా ఒరగాలి. కళ్లకన్నా చెవులు మేలు. టిక్‌కూ టాక్‌కూ మధ్య ఎడం సమంగా ఉంటే నిటారుగా ఉన్నట్టు, కుంటుతున్న చప్పుడు వస్తే దిమ్మ కింద ఒకవైపు ఎత్తు పెట్టాలి. వెనక తలుపు తీయించి యంత్రం పలకమీద ముద్ర వెతకండి. గిల్మే పనిమీద జి.ఎల్.టి. అనే అక్షరాలు, ఫ్రెంచిలో పేటెంటును సూచించే బ్రెవె అనే మాట, ఎస్.జి.డి.జి. అనే నాలుగక్షరాలు కనబడవచ్చు. ఆ నాలుగక్షరాలకు అర్థం, పేటెంటు ఇచ్చాం గానీ ఇది పనిచేస్తుందని ప్రభుత్వం హామీ ఇవ్వదని. 1844 నాటి ఫ్రెంచి చట్టం అలా రాసి తీరాలంది. ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. కొత్తగా పోతపోసిన నకళ్లు కూడా తిరుగుతున్నాయి. వాటిలో తాళ్ల చుట్ట మెలికలు మెత్తగా, సబ్బు కరిగినట్టు ఉంటాయి. నా గడియారంలో తాడు పురులు ఒక్కొక్కటీ గోటికి తగులుతాయి. విగ్రహం కాళ్లూ మణికట్లూ భూతద్దంతో చూడండి, విరిగేది అక్కడే. నల్లరాయి మూలలు పగిలి నల్లమైనంతో పూడ్చారేమో గోటితో గీకి చూడండి. మెరుగుపెట్టే పేస్టులు మాత్రం తేవద్దు. పొడి కుంచె చాలు.

ఈ డబ్బుకు తగిన వస్తువేనా అంటే, రవాణా, మరమ్మతు కలిపి 5,000 పౌండ్లు దాటిన ఖర్చుకు నేను ఒక్కరోజు కూడా విచారించలేదు. కానీ అందరికీ చెప్పలేను. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, ఊగే మనిషిని పట్టుకోకుండా ఏ పిల్లా ఉండలేదు. భారీ వాహనాలు పోయే వీధిపక్కన చెక్క నేలున్న ఇంట్లో వద్దు. ప్రతి వారం చుట్టే ఓపిక లేనివాళ్లకు వద్దు. ఊగని స్థితిలో అలంకారానికి పెట్టుకోవాలనుకుంటే ఇంకా వద్దు. ఇతన్ని ఆపి ఉంచడం నాకు చేతకాదు. ఊరికి వెళ్లినప్పుడు తాళంచెవి పక్కింటావిడకు ఇచ్చి వెళ్తున్నాను.

వచ్చే నెల నూనె మార్చడానికి షెడ్డు ఆయన దగ్గరకు తీసుకెళ్లాలి. ఈసారి రవాణా మనిషిని పిలవడం లేదు. లోలకం బరువు విడదీసి, మనిషి నడుముకు మెత్తటి గుడ్డ నాలుగు చుట్లు చుట్టి కమ్మీకి కట్టి, కారు ముందు సీటులో నా పక్కనే కూర్చోబెడతాను. ఆ గుడ్డ కూడా తీసి పెట్టాను. అమ్మ పాత నూలుచీర కొంగు, ఉతికి ఉతికి మెత్తబడింది.